ఎల్లక్క మొక్కు, నాగపూర్ పిల్ల కాలు

మనిషి మూల తిరిగి ఇంటి ముంగటికి రాకముందే, ఆ మనిషికి ఇయ్యాల పని దొరికిందో లేదో చెప్పే విద్య ఎల్లక్కకు ఉండె. ఆ విద్య ఆమెకు ఏ పంతులూ నేర్పలే, సద్దిడబ్బ నేర్పింది. నిండు డబ్బ చేతిల ఊగది, బరువుగ కాలు పక్కపొంటి వస్తది. ఖాళీ డబ్బ అయితే జాతరకు పోయే పిల్లగాని లెక్క ఊగుకుంట వస్తది.

ఎల్లక్కది మంథని దిక్కు ఊరు. పెండ్లయి గోదావరిఖనికి వచ్చేనాటికి ఆమె పెనిమిటి మొండయ్య బొగ్గుబాయిల బదిలీ ఫిల్లర్. పనేమో అందరు ఫిల్లర్లు చేసేదే, బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపుడు. కానీ ఆ పని ఆయన పేరు మీద లేదు. తెల్లారకముందే నెత్తికి టోపీ పెట్టుకొని, సద్ది పట్టుకొని బాయి కాడికి పోవాలె. హాజరేసే కిటికీ ముంగట నిలబడాలె. పర్మినెంటోళ్లల ఎవరన్న నాగా పెడితే "మొండయ్యా, దిగు" అంటరు. అందరూ వస్తే నిండు డబ్బ పట్టుకొని ఇంటికి మర్లాలె.

నిండు డబ్బ వచ్చిన రోజు కొత్త కోడలు ఎల్లక్క మొఖం మాడ్చుకోకపోయేది. డబ్బ అందుకొని, మూత తీసి, ఇద్దరికీ అదే పెట్టేది. "బాయిల తింటే బొగ్గు వాసన, ఇంట్ల తింటే నా చేతి వాసన. ఏది మంచిది?" అని అడిగేది. మొండయ్య నవ్వలేక నవ్వేటోడు.

బదిలోళ్లకు ఒక రివాజు ఉండె. కంపెనీ పెట్టింది కాదు, వాళ్లకు వాళ్లు పెట్టుకున్నది. ఎవని నాగా మీద నీకు ఆ పూట పని దొరికిందో, పొద్దుమీకి దీపాలు పెట్టినంక వాని ఇంటికి పోవాలె. ఉత్త చేతులతోని పోరాదు. గడప కాడ నిలబడి "ఏమన్నా, పాణం ఎట్లున్నది?" అని మందలియ్యాలె, చాయ్ పోస్తే తాగాలె, రావాలె. జరమొచ్చినోడైతే నాలుగు బత్తాయిలు. కల్లు ఎక్కువై పండుకున్నోడైనా పోవాలె. వాడు నిన్ను చూసి సిగ్గుపడి తెల్లారే డ్యూటీ ఎక్కుతడు, నీ పని ఊడుతది. అయినా సరే పోవాలె.

"వాడు రాకుంటే మనకే మంచిది గదయ్యా, పోయి లేపి వస్తవేంది?" అని ఎల్లక్క ఒకనాడు అడిగింది.

"మనం తిన్న బువ్వ వాని మంచం మీదికెల్లి వచ్చిందే. గా మంచం కాడికి ఒక్కసారన్న పోకుంటే అరుగుతదా?" అన్నడు మొండయ్య.

అట్ల తిరిగి తిరిగి ఆయన పర్మినెంటు అయిండు. ఇద్దరు పిల్లలైనరు. పెద్దది శ్యామల, ఇప్పుడు హుస్నాబాద్‌ల కాపురం. చిన్నది కావ్య కడుపుల ఉండంగ బాయిల కప్పు కూలి మొండయ్య నడుముకు దెబ్బ తాకింది. పాణం దక్కింది గని లోపలి పనికి పనికిరాడన్నరు. పైన కొలువు ఇచ్చినరు, ఆఫీసర్ల క్లబ్బుల వాచ్‌మెన్.

ఆ క్లబ్బుల ఒక పెద్ద అర్ర ఉండె. నాలుగు దిక్కుల గోడలు, ఎత్తు కప్పు, కిటికీలు లేవు. లోపట ఇద్దరు మనుషులు ఒకే గోడ దిక్కు మొఖం పెట్టి, ఉసిరికాయంత నల్లబంతిని ఆ గోడకేసి మార్చి మార్చి కొడుతరు. నడుమ వల లేదు, గీత దాటుడు లేదు. దాని పేరు స్క్వాష్. ఎల్లక్క మొదటిసారి చూసినప్పుడు, "ఇద్దరికి కొట్లాట అయితే ఎదురెదురు నిలబడాలె గని, ఇద్దరు కలిసి గోడను కొట్టుడేంది? గోడ ఏం పాపం చేసింది?" అన్నది.

ఇంజినీరు జగన్మోహన్‌రావు సారుకు ఆ ఆట మీద పాణం. ఆడనీకి జోడి దొరకకపోయేది. బాపుకు సద్ది తెచ్చే కావ్య తలుపు సందుల నుంచి చూసేది. "రా బిడ్డా, బంతి అందియ్యి" అన్నడు సారు. ఏడేండ్ల పిల్ల ఒకనాడు బంతి అందిచ్చే బదులు వెనక్కి కొట్టింది. ఆ కొట్టుడు కొట్టుడు హైదరాబాదు పోయింది, అకాడమీల చేరింది, రాష్ట్రం తరఫున ఆడింది. ఆ పొద్దుల సద్ది డబ్బ ఎన్నిసార్లు క్లబ్బుల మర్చిపోయి వచ్చిందో, ఎల్లక్క ఎన్నిసార్లు తిట్టిందో లెక్క లేదు.

మొన్న చలికాలం కావ్య నుంచి ఫోన్ వచ్చింది. చెన్నైల ఆడపిల్లల జట్ల పోటీ. ఎన్నో దేశాల నుంచి జట్లు వస్తున్నయ్. మన దేశం జట్టుల కావ్య పేరు ఉన్నది.

ఎల్లక్క ఆ ఫోన్ చెవుల నుంచి తియ్యకుండనే బయటికొచ్చి, ఎదురింటి కోమలకు, పక్కింటి జానకీబాయికి, పాలు పోసే మనిషికి చెప్పింది. చెప్పినంక బిడ్డను అడిగింది. "జట్టు అంటే ఎంతమందే?"

"నలుగురం అవ్వా. రోజుకు ఒక దేశం తోని పోటీ. ముగ్గురు ఆడుతరు, ఒకరి తర్వాత ఒకరు. అందుల రెండు గెలిస్తే మనం గెలిచినట్టు."

"మరి నాలుగో మనిషి?"

"నాలుగోదాన్ని నేనే. ఎవలకన్న బాగలేకుంటే నన్ను దింపుతరు."

మంచం మీద పండుకున్న మొండయ్య లేవకుండనే అన్నడు. "బదిలీ."

ఫోన్ల కావ్య కిలకిల నవ్వింది. "ఔ బాపు. బదిలీనే."

ఎల్లక్క నవ్వలే. ఎన్నేండ్లయిందో, మళ్ల ఆమె కండ్ల ముంగట నిండు సద్దిడబ్బ మూల తిరిగింది.

కోమల ఇంట్ల గోడంత టీవీ ఉన్నది. మంచిదే గని, కోమల నోరు గూడ గోడంత. పోటీలు మొదలైన నాటి సంది పొద్దుమీకి వాడకట్టు ఆడోళ్లంత ఆ టీవీ ముంగటనే. మొదటి దినం మన పిల్లలు గెలిచిండ్రు. కావ్య బల్ల మీద కూసొని చప్పట్లు కొట్టింది. రెండో దినం గెలిచిండ్రు. కావ్య చప్పట్లు కొట్టి, ఆడి వచ్చినోళ్లకు నీళ్ల సీసాలు అందిచ్చింది. మూడో దినం గూడ గెలిచిండ్రు. కావ్య తువాలలు అందిచ్చింది.

"ఎల్లక్కా," అన్నది కోమల, పల్లీలు నములుకుంట, "నీళ్లు అందిచ్చుటానికి చెన్నై దాక ఎందుకే? మా మరిది పెండ్లిల మనిషి తక్కువైండు, గక్కడికి పంపితే అయిపోతుండె."

అందరు నవ్విండ్రు. జానకీబాయి నవ్వలే. జానకీబాయిది ఆదిలాబాద్ అవతల ఊరు, ఇంట్ల మరాఠీ, బయట తెలుగు. "కోమలా, నీ కొడుకు ఇంటర్ పరీక్ష రాసుటానికి పోయి బయట కూసొని వచ్చిండు గదా. గప్పుడు నేను ఏమన్నన్నా?" అన్నది. ఆ దినం పల్లీలు అక్కడికే ఆగినయ్.

ఎల్లక్కకు ఆ మాటలు పెద్ద నొప్పి కాలే. నొప్పి ఇంకో కాడ ఉన్నది. టీవీల ఒక్క రెప్పపాటు కావ్య మొఖం దగ్గర చూపిచ్చిండ్రు. మన పిల్ల గెలిచి బయటికొస్తుంటే నవ్వుకుంట లేచింది, కావలిచ్చుకున్నది, మళ్ల కూసున్నది. కూసున్నంక బ్యాటును ఒళ్లె పెట్టుకొని, దాని తీగెలను వేలుతోని సవరిచ్చింది. వంకర లేని తీగెలను సవరిచ్చింది. తల్లికి ఇంకేం చూడాలె? బాయి కాడికెల్లి మర్లిన మొండయ్య గూడ గట్లనే టోపీ దుమ్ము దులిపేటోడు, లేని దుమ్ము.

నాలుగో దినం ఆటలు లేవు. తెల్లారంగనే ఎల్లక్క తానం చేసి, గోదావరి ఒడ్డున సమ్మక్క గద్దెల కాడికి పోయింది. పసుపు, కుంకుమ పెట్టింది. జాతర దినాలు కావు, అంత సప్పుడు లేదు. గద్దె కర్రకు చెయ్యి ఆనిచ్చి మొక్కింది.

"తల్లీ, నేను పతకం అడుగుతలే, పేపర్ల ఫోటో అడుగుతలే. ఒక్కపారి నా బిడ్డను గా గోడల నడుమ నిలబెట్టు. నిలువెత్తు బంగారం తూగిస్త."

సమ్మక్కకు బంగారమంటే బెల్లం. మనిషిని కాంటల కూసోబెట్టి, ఆ ఎత్తు బెల్లం తల్లికి ఇస్తరు. పెద్ద మొక్కు అది. ఎల్లక్క ఇంటికొచ్చి గుండె మీద బరువు దిగినట్టు రెండు పూటల బువ్వ ఒక్క పూట తిన్నది.

పొద్దుమీకి ఫోన్.

"అవ్వా! రేపు నేను ఆడుతున్న! సెమీఫైనల్ల!"

ఎల్లక్క కేకేసింది. మొండయ్య నడుం నొప్పి మర్చిపోయి లేచిండు. కోమల పరుగెత్తుకొచ్చింది. ఆ గడబిడ అంత అయినంక ఎల్లక్క అడిగింది. "ఎట్ల తీసుకున్నరే నిన్ను?"

కావ్య గొంతు తగ్గింది. "సాయలీ అని చెప్పిన గదా, నాగపూర్ పిల్ల. నా అర్రలనే ఉంటది. ప్రాక్టీసుల కాలు బెణికింది అవ్వా. మడమ ఇంత ఉబ్బింది. బాగ ఏడ్చింది."

"ఎప్పుడు?"

"పొద్దుగాల్నే. నాష్టకు ముందు."

ఎల్లక్క చేతుల ఫోన్ మొండయ్యకు ఇచ్చి పొయ్యి కాడికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా అక్కడనే కూసున్నది. పొద్దుగాల్నే, నాష్టకు ముందు ఆమె ఏడ ఉన్నది? గద్దె కర్రకు చెయ్యి ఆనిచ్చి ఉన్నది.

ఆ పూట ఆమె ముద్ద ముట్టలే. మొండయ్య ఒకసారి పిలిచిండు, రెండుసార్లు పిలిచిండు, ఆఖరికి నడుం పట్టుకొని వచ్చి పక్కన కూసున్నడు.

"ఏమైందే? బిడ్డకు ఆట దొరికిన దినం ఇట్ల కూసుంటవేంది?"

ఎల్లక్క మొక్కు సంగతి చెప్పింది. "నా బిడ్డను లోపలికి పంపుమన్న. తల్లి ఇంకోళ్ల బిడ్డను బయటికి గుంజింది. మూడు చోట్లే ఉన్నయని నాకు తెల్వకనా? తెలిసే మొక్కిన గదయ్యా. ఒక్కలు పడకుంటే ఇంకొక్కలు లేవరని బదిలోని పెండ్లానికి తెల్వదా?"

మొండయ్య నడుముకు చెయ్యి ఆనిచ్చి గోడకు జారగిలబడ్డడు. తర్వాత అన్నడు. "నేను హాజరు కిటికీ ముంగట నిలబడి ఏం మొక్కేటోన్ని అనుకున్నవ్? అందరు సల్లగ వచ్చి డ్యూటీ ఎక్కాలె అని మొక్కేటోన్నా?"

ఎల్లక్క తలెత్తి చూసింది.

"రోజు ఎవడన్న ఒక్కడు రాకుంటే బాగుండనే మొక్కేటోన్ని. ఫలానోని పేరు పెట్టి అనకపోయేటోన్ని, గంతే. అందుకే పొద్దుమీకి పోయేటోన్ని వాళ్ల ఇండ్లకు. బత్తాయిలు వాళ్ల కోసం అనుకున్నవా?"

ఇన్నేండ్ల కాపురంల ఈ మాట ఆయన నోట్లకెల్లి ఎన్నడు రాలే. ఎల్లక్క కొంగుతోని కండ్లు తుడుచుకొని లేచింది.

"అట్లయితే నేను గూడ మందలిస్త. ఆ పిల్ల అవ్వను."

"డ్యూటీ అయినంక పోయేది గది."

"నేను డ్యూటీకి ముందే పోత. ఆమె తిడితే తిట్టించుకుంట. అప్పుడు బిడ్డ ఆట కండ్లతోని చూడగలుగుత."

తెల్లారి కావ్య ఫోన్ల నంబరు పంపింది. ఆ తల్లి పేరు సునంద. ఆమెకు తెలుగు రాదు, ఎల్లక్కకు మరాఠీ రాదు. అందుకే జానకీబాయిని పిలిచి, స్టూలు మీద ఫోన్ పెట్టి, గొంతు బయటికి వినపడేటట్టు చేసిండ్రు. జానకీబాయి దేవునికి దండం పెట్టినట్టు ఫోన్‌కు దండం పెట్టి, "నమస్కార్ తాయి" అని మొదలుపెట్టింది. మరాఠీల తాయి అంటే అక్క.

"కాలు ఎట్లున్నదో అడుగు," అన్నది ఎల్లక్క.

అడిగింది. అటు నుంచి జవాబు వచ్చింది. "ఎముక విరగలేదట. రెండు వారాలు నిలబడవద్దన్నరట."

"ఇప్పుడు నేను చెప్పేది చెప్పు. అమ్మా, నేను నిన్న పొద్దుగాల సమ్మక్క గద్దెల కాడికి పోయిన. నా బిడ్డకు ఆట దొరకాలె అని మొక్కిన. నీ బిడ్డ కాలు విరగాలని మొక్కలే, కానీ ఎవలో ఒకలు పక్కకు జరిగితేనే నా బిడ్డకు చోటని నాకు తెలుసు. తెలిసే మొక్కిన. గది నా తప్పు. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, నేను వింట."

జానకీబాయి నోరు తెరిచి, మూసి, మళ్ల తెరిచి మరాఠీల ఒక రెండు ముక్కలు అన్నది.

ఎల్లక్క చప్పున ఆమె చెయ్యి పట్టుకున్నది. "ఆగు. నేను గంత పొడుగు చెప్పిన. నువ్వు రెండు ముక్కలే అన్నవేంది? ఏం చెప్పినవ్?"

"మీ బిడ్డ జల్ది మంచిగ కావాలె అని దేవునికి మొక్కినం అని చెప్పిన."

"ఓ జానకీబాయీ!"

"మరేం చెప్పాలె ఎల్లక్కా! గిసువంటిది ఎవలన్న చెప్తరా? ఆమె ఫోన్లకెల్లి చెయ్యి పెట్టి కొడుతది."

"కొట్టనియ్యి. చెంప నాది. నువ్వు చెప్పు."

జానకీబాయి ఈసారి నిదానంగ, ఎల్లక్క మొఖం చూసుకుంట, పూర్తిగ చెప్పింది. నడుమ "సమ్మక్క" అన్న మాట వినపడ్డది. అయినంక ఫోన్ కట్ అయిందేమో అని ఇద్దరు వంగి చూసిండ్రు. కాలేదు.

ఆఖరికి ఆ తల్లి మాట్లాడింది. ముందు మెల్లగ, తర్వాత గడగడ. జానకీబాయి వింటుంటే ఆమె మొఖం మారింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఏమంటది? తిడుతుందా?"

"కోపం ఉన్నదట. నిన్న సంది బిడ్డ అన్నం తింటలేదట, అది వింటే ఎవలకైనా కోపమే అంటుంది. కానీ..." జానకీబాయి గొంతు సవరిచ్చుకున్నది. "రెండేండ్ల కింద సాయలీ గూడ నాలుగో పిల్లనేనట. గప్పుడు ఈమె ప్రతి మంగళవారం గణపతికి ఉపాసం ఉన్నదట. దేనికి ఉపాసం ఉన్ననో నీకు వేరే చెప్పాల్నా తాయి అని అడుగుతుంది."

ఎల్లక్క ఫోన్ దిక్కు చూసి, తెలుగులనే అన్నది. "చెప్పక్కర్లేదు అక్కా."

అటు నుంచి గూడ ఏదో ఒక మాట వచ్చింది. దాన్ని జానకీబాయి తెలుగు చెయ్యలే, ఎల్లక్క అడగలే.

పొద్దుమీకి కోమల ఇంట్ల కాలు పెట్ట జాగ లేదు. మొక్కు సంగతి అప్పటికే వాడకట్టంత తెలిసింది. మొదటి ఆట మన పిల్ల గెలిచింది. రెండోది ఓడింది. ఇంక అంత కావ్య మీదికి వచ్చింది. గోడల నడుమ కావ్య నిలబడ్డది. ముందు బంతిని ఊరికే కొట్టుకుంట కొట్టుకుంట వేడెక్కిచ్చిండ్రు. చల్లబంతి ఎగరదట. "సద్ది లెక్కనే," అన్నడు మొండయ్య, "వేడి చేస్తే గాని దిగదు."

అవతలి దేశం పిల్ల పొడుగు, కాళ్లు జింక కాళ్లు. మొదటి గేమ్ ఆమెది. రెండోది కావ్యది. మూడోది ఆమెది. నాలుగోది కావ్య గుంజుకున్నది. గుంజుకుంటుంటే కోమల పల్లీల గిన్నె తన్నేసి లేచి "కొట్టు బిడ్డా, గోడ పలగాలె!" అని అరిచింది. మొన్నటి నోరే, ఇయ్యాల మాట వేరే. ఎల్లక్క ఒక్కతే కదలకుండ కూసున్నది. కావ్య ఇటు ఉరికితే ఆమె మెడ ఇటు, అటు ఉరికితే అటు.

అయిదో గేమ్ చివరి దాక పోయింది. కావ్య ఒక బంతికి నేల మీద పడి అందుకున్నది, లేచింది, ఇంకోటి అందుకున్నది. దాని తర్వాతిది అందలే.

ఓడింది. జట్టు ఓడింది.

కోమల ఏడ్చింది. నిజంగనే ఏడ్చింది. "ఎల్లక్కా, గంత దూరం మొక్కినదానివి, గెలిపియ్యమని గూడ ఒక్క మాట మొక్కితే నీ సొమ్మేం పోయేనే?"

"చాల్లే కోమలా. ఒక్క మొక్కుకే ఒక పిల్ల కాలు బెణికింది. గెలుపు గూడ మొక్కితే చెన్నైల ఎవలకూ కాళ్లు మిగిలేటివి కావు."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువక అందరు రెండూ చేసిండ్రు. టీవీల కావ్య బయటికొచ్చింది. బల్ల మీద కట్టు కట్టిన కాలు కుర్చీ మీద చాపుకొని ఒక పిల్ల కూసున్నది. ఒళ్లె తువాల ఉన్నది. ఆ తువాల ఆమె కావ్య మీద కప్పి, నీళ్ల సీస మూత తీసి ఇచ్చింది. ఎల్లక్క అప్పుడు కదిలింది. టీవీ దగ్గరికి పోయి, ఆ కట్టును పరీక్షగ చూసింది.

వారం తర్వాత కావ్య ఇంటికొచ్చింది. మల్లన్న బెల్లం దుకాణంల పెద్ద కాంటల కూసోబెట్టిండ్రు. ఆట తోని చిక్కిపోయి పుల్ల లెక్క ఉన్నది. "ముందు నాలుగు దినాలు పిల్లకు తిండి పెట్టే ఎల్లక్కా, సమ్మక్కకు నష్టమైతది," అన్నది కోమల. బంగారం గద్దెకు ఎక్కింది. మొక్కు తీరింది. తల్లి ప్రసాదంగ ఒక పెద్ద ముద్ద బెల్లం ఎల్లక్క తెల్లబట్టల మూటగట్టుకున్నది.

"ఇదెందుకవ్వా?" అన్నది కావ్య.

"మందలియ్యాలె గదా. ఫోన్ల మాట్లాడితే గడప తొక్కినట్టయితదా?"

ఇంకో వారానికి రామగుండం స్టేషన్ల ఎల్లక్క, జానకీబాయి నాగపూర్ రైలు ఎక్కిండ్రు. ఎల్లక్క అంతకుముందు రైలుల వరంగల్ దాటి పోయింది లేదు. దారి పొడుగునా ఎదురు కూసున్నోళ్లను మీది ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు అని అడుగుకుంటనే పోయింది. తెలుగు రానోళ్లను జానకీబాయితోని అడిగిచ్చింది. బెల్లం మూట మాత్రం ఒళ్లెకెల్లి దించలే.

నాగపూర్ల సందులు తిరిగి, అడుగుకుంట, ఆ ఇంటి ముంగటికి పోయి తలుపు కొట్టిండ్రు. లోపట ఒక కాలు గట్టిగ, ఒక కాలు మెల్లగ వేసుకుంట ఎవరో వచ్చిండ్రు. తలుపు తెరిచింది టీవీల చూసిన పిల్లనే.

ఎల్లక్క దార్ల జానకీబాయి కాడ నేర్చుకున్న మరాఠీ అంత ఆ గడప కాడ మర్చిపోయింది.

"ఏం బిడ్డా," అన్నది, "కాలు ఎట్లున్నది?"

జానకీబాయి తెలుగు మాటను మరాఠీ చెయ్యనీకి నోరు తెరిచింది. అంతకంటె ముందే ఆ పిల్ల తలుపు పట్టుకొని, కాలు ఎత్తి, మడమ ఇటు అటు తిప్పి చూపిచ్చింది. ఎల్లక్క గడప కాడనే వంగి, ఆ మడమను రెండు చేతులల్ల పట్టుకొని చూసింది. వాపు దిగింది. అప్పుడు బెల్లం మూట చేతిల పెట్టింది.